నేలచాటు తెల్లకూర

ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనున్న లాలాపేట, తార్నాక వీథులలో సంక్రాంతి దినములందు తేగల కట్టలు అమ్మకమునకు వచ్చుట కలదు. తాటిటెంకను మట్టిలో పాతిపెట్టగా, వెలుతురు సోకక తెల్లగా పెరిగిన మొలకయే తేగ. దానిని కాల్చి, పైపొర యొలిచి, నడుమనున్న చందమామను చివరకు దాచుకొని తినుటలోని సుఖమును తెలుగు పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు. జర్మను దేశీయులకును ఇట్టి నేలచాటు మొలక యొకటి కలదు. వారు దానిని ష్పార్గెల్ అందురు. ఇంగ్లీషువారు ఆస్పరాగస్ అందురు. మన యడవులలో పెరుగు పిల్లితేగలు, అనగా శతావరి, దీనికి దాయాది.

ఈ మొక్క వేరుదుంపను ఇసుకనేలలో నాటి, వసంతారంభమున దానిపై మోకాలియెత్తు కట్టగా మట్టి నెగద్రోయుదురు. మొలక ఆ చీకటిలో పైకి సాగును. సూర్యరశ్మి తగిలినచో దానికి మొదట ఊదారంగును, పిదప ఆకుపచ్చయు పట్టును. కావున మట్టికట్టపై చిన్న పగులు కనబడగానే కూలివాడు వంగి, వ్రేళ్లతో మన్ను తొలగించి, పొడవైన కత్తితో మొలకను అడుగున కోసి, మరల మన్ను కప్పి చదును చేయును. ఒక్కొక్క మొలకకును ఇంతపని! జర్మనీలో ఏటేట ఇంచుమించు 1,00,000 టన్నుల పంట ఇట్లే చేతితో కోయబడుచున్నది. కోయువారిలో పెక్కురు పోలెండు, రుమేనియా దేశముల పేదలు. 2020లో కరోనా వ్యాధివలన సరిహద్దులు మూయబడినప్పుడు, పంట మట్టిలోనే పాడగునని తలచి, ప్రభుత్వము వారిని విమానములలో రప్పించుటకు అనుమతించెను. భోజనపు బల్లయొద్ద కూర్చున్నవారికి ఆ వంగిన నడుములు కనబడవు.

ఈ కూరను రుచిచూడదలచిన బాటసారికి పాత భోజనశాలలు అనువైనవి. లైప్‌సిగ్ నగరమున ఔయర్‌బాఖ్ కెల్లర్ అను నేలమాళిగ భోజనశాల కలదు. దాని ప్రస్తావన 1438 నాటికే కానవచ్చును. మహాకవి గోథే 1765లో విద్యార్థిగా ఆ నగరమునకు వచ్చి, అచ్చటికి పోవుచుండెడివాడు. తన ‘ఫౌస్టు’ నాటకములో ఒక రంగమును అక్కడనే నిలిపెను. ఇంటనైనను భోజనశాలలోనైనను ఈ వంట తీరు ఒక్కటే. మొలకను కొననుండి క్రిందికి చెక్కుతీసి, ఉప్పును, చిటికెడు చక్కెరయు, కొంచెము వెన్నయు వేసిన నీట ఉడికింతురు. తీసిన చెక్కును పారవేయక, దానితో చారు కాచుదురు. ఉడికిన మొలకలకు ప్రక్కన ఉడుకబెట్టిన బంగాళాదుంపలను, పైన కరగిన వెన్నను గాని, గ్రుడ్డుపచ్చసొన, వెన్న, నిమ్మరసము కలిపిన చిక్కని పులుసును గాని వడ్డింతురు. కారము, తాలింపు ఎరిగిన నాలుకకు మొదటి ముద్ద చప్పగానే తోచును. మెల్లగా నమలినచో తీపియు, వెనువెంట కించిత్తు చేదును తెలియును.

ఈ రసములో మరియొక విశేషము కలదు. 1806లో వోక్లె, రోబికే అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞులు దీనినుండి ఆస్పరజిన్ అను పదార్థమును వేరుచేసిరి. మాంసకృత్తులకు మూలమైన ఆమైనో ఆమ్లములలో మానవునికి మొదట దొరికినది అదియే.

కోత ఏప్రిల్ నడుమ మొదలై, జూన్ 24వ తేదీన, యోహాను పండుగనాడు, నిలిచిపోవును. ఆనాటికి మట్టిలో ఇంకను మొలకలు లేచుచుండును. బజారులో మంచి ధరయు పలుకును. అయినను రైతు కత్తి దాచును. మిగిలిన మొలకలు ఎండకు వచ్చి, ఈకలవంటి ఆకులు విప్పి, మనిషి నడుముకు మించి పెరిగి, శీతకాలము వచ్చులోపల దుంపకు కావలసిన ఆహారమును నింపవలెను. ఈ గడువు దాటి కోసినచో మరుసటి వసంతమున దుంప బలహీనమగును. నాటిన పిదప మూడవ యేటగాని నిండుపంట నీయని మొక్క అది. ఓర్పుతో కాచినచో పదేండ్లవరకు కాయును. మన శతావరికి ఆ గడువు లేదు. మందుకొరకు దాని వేరునే త్రవ్వుదురు గనుక, త్రవ్వినచోట మొక్క యుండదు. అందుచే కొన్ని యడవులలో అది అరుదగుచున్నది.

జూన్ 24 దాటిన పిదప ఆ కూరకై వచ్చిన అతిథికి జర్మను భోజనశాలవారు మరుసటి ఏప్రిల్‌లో రమ్మని చెప్పి, వేరొక వంటకము పేరు చదువుదురు.