మనుషులను లాగే చిన్న ఆవిరి బండి
కొద్ది డబ్బుతో మొదలు పెట్టేదెలా?

జనగామలో గాని, మానుకోటలో గాని డెబ్బై ఏళ్లు దాటిన పెద్దలను ఒక్కసారి కదిలించి చూడండి. ఆవిరి బండి మాట ఎత్తగానే కంట్లో పడ్డ బొగ్గు నలుసు, తెల్లచొక్కా మీద పడ్డ మసి, ఇంజను నీళ్లు తాగేదాకా ఆగిన బండి, అన్నీ ఏకరువు పెడతారు. నిజాం కాలంలో సికింద్రాబాదు నుండి 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరిన దారి ఇది. ఎన్నో తరాలు ఈ దారిలో ఆవిరి బండ్లే ఎక్కాయి, దిగాయి. చిత్తరంజన్ కర్మాగారం 1970లో తన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను చేసి దానికి ‘అంతిమ్ సితారా’ అని పేరు పెట్టింది. 1995 డిసెంబరుతో దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి బండ్ల రోజువారీ నడక ఆగిపోయింది. ఇప్పుడు ఆ పొగ చూడాలంటే డార్జిలింగో, ఊటీయో పోవాలి.

అయితే ఆవిరి ఇంజను పూర్తిగా మాయమైపోలేదు. ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో వేలాదిమంది తమ ఇంటి వెనుక చిన్న షెడ్లలో ఆవిరి ఇంజన్లు స్వయంగా చేసుకొని నడుపుకుంటున్నారు. బొమ్మలని అనుకోకండి. నిజమైన నిప్పు, నిజమైన నీళ్లు, నిజమైన ఆవిరి. పట్టాల మధ్య ఎడం జానెడు కూడా ఉండదు. అయినా వెనుక తగిలించిన చిన్న పెట్టెల మీద పెద్దవాళ్లు కూర్చుంటే లాక్కొని పోతుంది. హైదరాబాదు జంతు ప్రదర్శనశాలలో పిల్లల రైలు ఎక్కినవాళ్లు మనలో చాలామంది ఉంటారు గదా! అది ఆవిరితో నడిచేది కాదు, దీనికంటే చాలా పెద్దది కూడా.

ఇది డబ్బున్నవాళ్ల వేడుక గదా, మన ఇళ్లకెందుకు అని అడగవచ్చు. మన కుటుంబాలలో ఐ.టి.ఐ. చదివిన ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఉన్నారు. వాళ్ల చేతిలోని పని ఇలాంటి వాటితో పదునెక్కుతుందని మా నమ్మకం. ఖర్చు తగ్గించే మార్గాలు నిజంగానే ఉన్నాయి. కాని తగ్గించకూడని చోటు ఒకటి ఉంది. అక్కడ తగ్గిస్తే పోయేది డబ్బు కాదు, ప్రాణం. అందుకే ఈ వ్యాసం.

ఇద్దరు పాదిరులు

రైలు పిచ్చి సేవకులకు కూడా తప్పలేదు. ఇంగ్లండులో ఆడ్రీ అనే పాదిరిగారు, తట్టు సోకి మంచం పట్టిన తన చిన్న కొడుకును ఊరడించడానికి ఇంజన్ల కథలు చెప్పారు. 1945లో అవి పుస్తకంగా వచ్చాయి. ఇప్పుడు టీవీలో మన పిల్లలు చూసే నీలిరంగు ఇంజను థామస్ ఆ కథల వరుసలోనిదే. ఆయన స్నేహితుడు టెడ్డీ బోస్టన్ కాడ్‌బీ అనే పల్లెలో పాదిరి. 1962లో ఒక గని దగ్గర పని చేసి మూలపడ్డ ‘పిక్సీ’ అనే చిన్న ఇంజనును కొని, పాదిరి బంగళా తోటలో రెండడుగుల ఎడంతో పట్టాలు వేసి నడిపారు. ఆడ్రీగారు తన కథల్లో ఈయనను లావు పాదిరిగారిగా, తనను సన్న పాదిరిగారిగా చూపి నవ్వించారు. పిక్సీ నమూనా కాదు, అసలైన గని ఇంజనే. ఆ వైభోగం మనకు అందేది కాదు గాని, కథ చెప్పకుండా ఉండలేకపోయాము.

మనకు పనికొచ్చే మనిషి వేరొకరు. లండన్‌లో రైల్వేలో పని చేసి, ‘ఎల్.బి.ఎస్.సి.’ అనే కలం పేరుతో వ్రాసిన లారెన్స్ అనే ఆయన. అది ఆయన పని చేసిన రైల్వే పేరులోని పొడి అక్షరాలే. చిన్న ఇంజను నిజమైన బొగ్గుతో నడిచి మనుషులను లాగదని 1920ల ఆరంభంలో కొందరు పెద్దలు వాదించారు. ఆయన తన ‘అయీషా’ అనే ఇంజనును బొగ్గుతో నడిపి చూపించారు. దాని పట్టాల ఎడం రెండున్నర అంగుళాలే! తరువాత దశాబ్దాల తరబడి ‘మోడల్ ఇంజనీర్’ పత్రికలో, చిన్న లేత్ ఒక్కటే ఉన్న కూలీకి కూడా అర్థమయ్యేలా ఒక్కొక్క ముక్క ఎలా చేయాలో వ్రాశారు. ఈ పని పెద్దింటి గదుల నుండి కార్మికుల షెడ్లలోకి రావడంలో ఆయన పాత్ర చాలా పెద్దది.

ముందు ఇంజను కాదు, బండి

ఎడం మూడు రకాలుగా ఎక్కువ వాడుకలో ఉంది: మూడున్నర అంగుళాలు, అయిదు అంగుళాలు, ఏడుంపావు అంగుళాలు. మూడున్నర చవక, కాని మోసే శక్తి తక్కువ. ఏడుంపావు నేల మీదనే పరచవచ్చు, హాయిగా కూర్చోవచ్చు. అయితే ఇంజను ఎత్తాలంటే నలుగురు కావాలి, ఇనుము, రాగి ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. మొదటిసారికి అయిదు అంగుళాలే మేలని మా అభిప్రాయం. మన దేశపు బ్రాడ్‌గేజిని ఆ ఎడానికి కుదిస్తే అసలు ఇంజనులో సుమారు పదమూడో వంతు వస్తుంది. చూడ ముచ్చటైన కొలత.

చాలామంది ఇంజనుతో మొదలు పెట్టి, రెండేళ్లకు డబ్బూ ఓపికా అయిపోయి, సగం చేసినదాన్ని గోనెసంచి కప్పి మూల పడేస్తారు. దానికి బదులు ముందు కొంచెం పట్టా, కూర్చునే ట్రాలీ ఒకటి చేయండి. ఇంజను లేకుండా తోసుకొనైనా పిల్లలు ఎక్కుతారు. పని కళ్ల ముందు కనబడుతుంది, ఇంట్లోవాళ్లు కూడా గొణగరు.

పట్టాకు పట్టీ ఇనుమును అంచు మీద నిలబెట్టి కట్టె స్లీపర్లకు బిగిస్తే చాలు. అయిదు అంగుళాల బండికి పట్టాను మోకాలి ఎత్తున లేపి వేస్తారు, రెండు వైపులా కాళ్లు వేలాడేసి కూర్చోవడానికి. మన దగ్గర చేనుకు పాతే రాతి కడీలు అందుకు దివ్యంగా పనికివస్తాయి. పట్టీల అతుకుల దగ్గర సందు వదలడం మరువకండి. ఇరవై అడుగుల పట్టీ చలికాలపు తెల్లవారుజాముకూ మే నెల మిట్టమధ్యాహ్నానికీ మధ్య దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. సందు లేకపోతే పాములా వంకర తిరుగుతుంది. నేల మట్టం కూడా ముఖ్యమే. నూరడుగులకు ఒక అడుగు ఎత్తు కంటికి కనబడదు గాని, నూరు కిలోల బరువుకు ఒక కిలో అదనపు లాగుడు పడుతుంది. చిన్న ఇంజనుకు అది తక్కువేమీ కాదు.

ట్రాలీకి ఎనిమిది బీడు చక్రాలు, బాల్ బేరింగులు, ఒక బ్రేకు కావాలి. చక్రాలు జనగామలాంటి ఊళ్లో లేత్ షాపులో చేయించుకోవచ్చు. ఒక్క కొలత మాత్రం గట్టిగా చెప్పండి: ఇరుసు మీద రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 119 మిల్లీమీటర్లు. అది తప్పితే వంపులో బండి దిగిపోతుంది. నలుగురైదుగురు యువకులు కలిసి పట్టా ఒకటే వేసుకొని, ట్రాలీలు ఎవరివి వారు చేసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. విదేశాలలో సంఘాలుగా ఏర్పడి చేసేది ఇదే.

తరువాత ఇంజను. నిలువుగా ఉండే ఒక చిన్న ఊగుడు సిలిండరు యంత్రం ముందు చేస్తే చేయి కుదురుతుంది. అసలు ఇంజనుకు తగిన నక్షాలు అచ్చులో ఉన్నాయి. ఎల్.బి.ఎస్.సి. గీసిన మూడున్నర అంగుళాల ‘టిచ్’ చాలామంది మొదటి ఇంజను. జాక్ బక్లర్ గీసిన అయిదు అంగుళాల ‘స్వీట్ పీ’కి గొట్టంలాంటి గుండ్రటి పొయ్యి ఉంటుంది. బల్లపరుపు రేకులు తక్కువ కాబట్టి వాటిని పట్టి ఉంచే మేకుల పని కూడా తగ్గుతుంది. మేమైతే దానివైపే మొగ్గుతాము. ముందు చక్రాలు, సిలిండర్లు ఉన్న కింది భాగం పూర్తి చేసి, పంక్చరు షాపు కంప్రెసరు గాలి పెట్టి చూడండి. బాయిలరు లేకుండానే చక్రాలు గిర్రున తిరుగుతాయి. అది చూసిన రోజు ఇంటిల్లిపాదీ నిద్రపోరు.

ఇక్కడ పొదుపు వద్దు

అమ్మలకు అర్థమయ్యేలా చెబుతాము. ఇంట్లో ప్రెషర్ కుక్కరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడితో ఉడికిస్తుంది. ఈ చిన్న బాయిలరు ఆరు, ఏడు కిలోల ఒత్తిడితో పని చేస్తుంది, కింద ఎర్రటి బొగ్గుతో. నీరు ఆవిరైతే పదహారు వందల రెట్లకు పైగా పరిమాణం పెరుగుతుంది. కాబట్టి పాత కుక్కరుతో, గ్యాసు సిలిండరుతో, దొరికిన పైపుతో బాయిలరు చేయబోయే వారిని చేయి పట్టుకొని ఆపండి.

బాయిలరును రాగి రేకుతో, వెండి కలిసిన టంకంతో అతుకుతారు. మామూలు సీసపు టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏడు కిలోల ఆవిరి వేడి 170 డిగ్రీలు! మధ్యన మిగిలింది ఎంతో చూడండి. మరొక మాట. ఫ్రిజ్ మెకానిక్కులు రాగి గొట్టాలు అతికే భాస్వరపు కడ్డీ చవకగా దొరుకుతుంది. బొగ్గు పొగలోని గంధకం ఆ అతుకును తినేస్తుంది కాబట్టి అది కూడా వద్దు. బాయిలరులో బిగించే ముక్కలు కంచువి కావాలి, ఇత్తడివి కాదు. వేడి నీటిలో ఇత్తడిలోని తుత్తునాగం కరిగిపోయి లోహం గుల్ల అవుతుంది.

తయారైన కొత్త బాయిలరును చల్లని నీటితో పూర్తిగా నింపి, చేతి పంపుతో పని ఒత్తిడికి రెట్టింపు ఎక్కించి పరీక్షిస్తారు. నీరే ఎందుకంటే, అది గాలిలా నొక్కుకుపోదు. అతుకు విడితే కారుతుంది గాని పేలదు. ఈ పరీక్ష కాని బాయిలరు కింద అగ్గిపుల్ల గీయకూడదు. రెండు సేఫ్టీ వాల్వులు, నీటి మట్టం చూపే గాజు గొట్టం, నీళ్లు ఎక్కించడానికి రెండు వేర్వేరు మార్గాలు తప్పనిసరి. పొయ్యి పైకప్పు మీద నీరు తగ్గితే రాగి మెత్తబడి లోపలికి కూలుతుంది. మిగతావన్నీ చేతితో చేసుకొన్నా, బాయిలరు మాత్రం అనుభవమున్న తయారీదారు దగ్గర పరీక్ష పత్రంతో సహా కొనమనే మా సలహా. మొత్తం ఖర్చులో పెద్ద వాటా అదే అవుతుంది, కానివ్వండి.

చట్టం మాట కూడా వినండి. 1923 నాటి బాయిలర్ల చట్టానికి 2007లో జరిగిన సవరణ 25 లీటర్ల కంటే తక్కువ పట్టేవాటిని బాయిలరుగా లెక్కించలేదు. 2025లో ఆ పాత చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. కాబట్టి పని మొదలు పెట్టక ముందే బాయిలర్ల తనిఖీ అధికారులను అడగడం మంచిది. అయినా, లీటర్లు తక్కువైనంత మాత్రాన ఆవిరి మనల్ని కాల్చడం మానదు.

నీళ్లు, బొగ్గు

మన ప్రాంతపు బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. బాయిలరులోనూ అంతే. ఆ పొర వేడిని అడ్డగిస్తుంది, సన్న గొట్టాలను మూసేస్తుంది. వానాకాలంలో పెంకుల మీద నుండి, మొదటి వాన వదిలేసి, పట్టి నిల్వ చేసిన నీళ్లు అన్నిటికంటే మేలు, పైసా ఖర్చు లేదు.

బొగ్గు దగ్గర భూపాలపల్లివారు తొందరపడతారు. రైలు స్టేషను లేకపోయినా మాకు బొగ్గు గనులున్నాయి గదా అని! సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ. చెల్పూరు విద్యుత్ కేంద్రంలో దాన్ని పిండి చేసి కాలుస్తారు కాబట్టి సరిపోతుంది. అరచేతి వెడల్పు పొయ్యిలో అయితే కాసేపటికే జల్లెడ మూసుకొని నిప్పు చచ్చిపోతుంది. బూడిద తక్కువ ఉన్న మేలు రకం బొగ్గును శనగగింజంత ముక్కలు చేసి వేయాలి. అంటించడానికి మాత్రం మన కట్టెబొగ్గే శ్రేష్ఠం.

వేసవిలో నడిపేటప్పుడు గడ్డివాములకు, ఎండుగడ్డికి దూరంగా ఉండండి. పొగగొట్టం నుండి నిప్పురవ్వలు ఎగురుతాయి. చీర కొంగులు, ఓణీలు, పొడుగు లంగాలు చక్రాల వైపు వేలాడకుండా దోపుకోవాలి. చిన్నపిల్లలను పెద్దవాళ్ల ముందు కూర్చోబెట్టండి. నడిపేవాడితో ఎవరూ కబుర్లు పెట్టవద్దు, అతని కన్ను గాజు గొట్టం మీదనే ఉండాలి. ఆట ముగిశాక నిప్పు దులిపి, బూడిద మీద నీళ్లు చల్లి, ఒత్తిడి పూర్తిగా దిగి బాయిలరు చేతికి చల్లగా తగిలేదాకా ఒక పెద్దమనిషి దాని పక్కనే కూర్చోవాలి.