హిరోషిమా అడిగే ప్రశ్న

1945వ సంవత్సరం ఆగస్టు 6వ తేదీ. జపాన్‌లోని హిరోషిమా నగరంలో ఆ ఉదయం వేలాది మంది విద్యార్థులు తరగతులకు బదులు వీథుల్లో పనికి వచ్చారు. వారిలో చాలామంది పన్నెండు, పదమూడేళ్లవారు. వైమానిక దాడులలో మంటలు వ్యాపించకుండా ఇళ్లను తొలగించి ఖాళీ స్థలాలు ఏర్పరచడం వారికి అప్పగించిన పని. 8 గంటల 15 నిమిషాలకు అమెరికా విమానం జారవిడిచిన యురేనియం బాంబు సుమారు 600 మీటర్ల ఎత్తున పేలింది.

ఆ బాంబు మూడు విధాలుగా ప్రాణాలు తీసింది. భయంకరమైన వేడి మనుషులను దహించింది. పేలుడు ధాటికి భవనాలు కూలిపోయాయి. కంటికి కనిపించని రేడియో ధార్మికత, గాయపడనివారిని సైతం కొద్దిరోజులలో కబళించింది. ఆగస్టు 9న రెండవ బాంబుకు మొదటి లక్ష్యం కొకురా నగరం. అక్కడ మబ్బులు, పొగ అడ్డురావడంతో విమానం నాగసాకికి మళ్లింది. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది మరణించారని అంచనా. నాడు తల్లిగర్భంలో ఉన్న శిశువులలో కొందరు మెదడు ఎదగకుండా జన్మించారు.

ఈ సంహారాన్ని సమర్థించేవారి వాదాన్నీ మనం శ్రద్ధగా వినాలి. జపాన్ సైన్యం ఆసియా దేశాలలో లక్షలాది ప్రజలను బలిగొన్నది. ఒకినావా దీవిలో జరిగిన పోరులో సైనికులే కాక పౌరులూ అసంఖ్యాకంగా మరణించారు. జపాన్ ప్రధాన భూభాగంపై దండెత్తితే అంతకు ఎన్నోరెట్ల ప్రాణనష్టం జరిగేదనీ, బాంబు దానిని నివారించిందనీ అమెరికా యుద్ధమంత్రిగా పనిచేసిన హెన్రీ స్టిమ్సన్ 1947లో వాదించాడు. 1945 ఆగస్టు 15న జపాన్ చక్రవర్తి లొంగుబాటును ప్రకటించడం ఆ వాదానికి బలమిచ్చింది.

అయితే, ఆగస్టు 8న సోవియట్ యూనియన్ యుద్ధం ప్రకటించడం కూడా ఆ లొంగుబాటుకు ముఖ్యకారణమని పలువురు చరిత్రకారులు భావిస్తారు. లొంగుబాటు షరతులను బహిరంగపరచి, జపాన్‌కు అవకాశమివ్వకుండా బాంబు వేయరాదని లియో సిలార్డ్ జూలైలోనే వినతిపత్రం రాశాడు. బాంబు పరిశోధనలో పాల్గొన్న సుమారు 70 మంది శాస్త్రజ్ఞులు దానిపై సంతకాలు చేశారు. వారి మాట చెల్లలేదు.

ప్రాణాల లెక్క ఎటు తేలినా, ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ విద్యార్థులు ఏ యుద్ధాన్ని ప్రకటించారు? తిక్కన తెనిగించిన సౌప్తికపర్వంలో అశ్వత్థామ దుఃఖం నిజమైనదే. అతని తండ్రి వంచన వల్లనే హతుడయ్యాడు. అయినా, నిద్రిస్తున్నవారిని చంపి, గర్భస్థ శిశువుపై అస్త్రాన్ని మళ్లించిన అతని చర్యను భారతం ధర్మంగా అంగీకరించలేదు. కారణం ఎంత బలమైనదైనా, నిరపరాధిని లక్ష్యంగా చేసుకొనే హక్కును అది ఇవ్వదు. శత్రుదేశపు శిశువు శత్రువు కాడు.

బాంబు దాడి నుండి బతికి బయటపడినవారిని జపాన్‌లో ‘హిబాకుషా’ అంటారు. వారు 1956లో స్థాపించుకొన్న ‘నిహోన్ హిడాంక్యో’ సంస్థకు 2024లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. వారు కోరింది ప్రతీకారం కాదు. తమకు కలిగిన గతి మరెవరికీ కలగకూడదని మాత్రమే. 1998 పోఖ్రాన్ పరీక్షలతో మన దేశమూ అణ్వస్త్ర దేశాల సరసన నిలిచింది. కనుక హిరోషిమా ప్రశ్న పరాయివారిది కాదు. దానికి సమాధానం వెదకవలసిన బాధ్యత మనపైన కూడా ఉంది.