ఏజెంటు తీసుకున్న డబ్బుతో కంపెనీకి సంబంధం లేదా?

"ఆ డబ్బు తీసుకున్నది మేం కాదు, ఏజెంటు." అమెరికాకి పని మీద వచ్చి ఇరుక్కున్నవాళ్ళకి కంపెనీల నుంచి వినిపించే మాట ఇదే. ఆ మాట కోర్టులో ఎంతవరకు నిలబడుతుందో సిగ్నల్ ఇంటర్నేషనల్ కేసు చూస్తే తెలుస్తుంది.

2005 ఆగస్టులో కత్రినా తుఫాను ఇక్కడి గల్ఫ్ తీరాన్ని ఊడ్చేసింది (మనం దుబాయ్ వైపు అనే గల్ఫ్ కాదు, మెక్సికో పక్కన ఉన్నది). చమురు రిగ్గులు బాగుచెయ్యడానికి వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు కావలసి వచ్చింది. మిసిసిపీలోని పాస్కగూలాలో, టెక్సస్‌లోని ఆరెంజ్‌లో యార్డులున్న సిగ్నల్ కంపెనీ మన దేశం నుంచి దాదాపు 500 మందిని హెచ్-2బి వీసా మీద తెప్పించుకుంది. రిక్రూటర్లు ఒక్కొక్కరి దగ్గర 10 వేల నుంచి 20 వేల డాలర్ల దాకా వసూలు చేశారు. గ్రీన్ కార్డు వస్తుందని, పెళ్ళాం పిల్లల్ని కూడా తెచ్చుకోవచ్చని ఆశపెట్టారు. హెచ్-2బి అంటే కొద్ది నెలల పని వీసా. చాలామంది పొలాలు, బంగారం అమ్మి, వడ్డీకి తెచ్చి కట్టారు.

తీరా వచ్చాక ఉంచింది కంపెనీ క్యాంపులో. ఒక్కో ట్రైలరులో 24 మంది దాకా. దానికి నెలకి 1,050 డాలర్లు జీతంలోంచి కోత.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. తలుపుకి తాళం వెయ్యలేదు కదా, వెళ్ళిపోవచ్చు కదా? ఎక్కడికి వెళ్తారు? వీసా ఆ కంపెనీ పేరు మీదే ఉంది. ఊళ్ళో అప్పు పెరుగుతోంది. మన తాతల కాలంలో దొర దగ్గర వెట్టి చేసినవాళ్ళకీ కాళ్ళకి గొలుసులు ఉండేవి కావు, అప్పే గొలుసు.

2008 మార్చిలో వంద మందికి పైగా పని వదిలి బయటికొచ్చారు. వాషింగ్టన్ దాకా వెళ్ళి నిరాహారదీక్ష చేశారు. సదరన్ పావర్టీ లా సెంటర్ వాళ్ళ తరఫున కేసు వేసింది. రిక్రూటర్లు మమ్మల్ని కూడా మోసం చేశారని కంపెనీ వాదించింది. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లియన్స్ జ్యూరీ ఆ వాదన ఒప్పుకోలేదు. కంపెనీ, దాని లాయరు, రిక్రూటరు ముగ్గుర్నీ బాధ్యుల్ని చేసి, ఐదుగురు కార్మికులకి 1.4 కోట్ల డాలర్లు ఇమ్మంది. జూలైకల్లా కంపెనీ దివాలా తీసింది. మిగతా కేసుల్లో 2 కోట్ల డాలర్లకి రాజీకొచ్చి, క్షమాపణ చెప్పింది. ఏడేళ్ళు పట్టింది, అది కూడా చెప్పుకోవాలి.

2000లో వచ్చిన మనుషుల అక్రమ రవాణా చట్టం ప్రకారం, కొట్టి పని చేయిస్తేనే నేరం అని కాదు. "వీసా క్యాన్సిల్ చేయిస్తా, పోలీసులకి పట్టిస్తా" అని చట్టాన్నే చూపించి భయపెట్టి పని చేయించడం కూడా నేరమే. అందుకోసం పాస్‌పోర్టు లాక్కున్నా నేరమే. తర్వాత చేసిన సవరణలతో, తెలిసి గానీ, తెలియాల్సి ఉండి కళ్ళు మూసుకుని గానీ లాభం పొందినవాళ్ళ మీద కూడా దావా వెయ్యొచ్చు.

అలాగని జీతం ఆలస్యమైన ప్రతి కేసూ వెట్టి కాదు. హెచ్-1బి మీద వచ్చిన మనవాళ్ళని కన్సల్టెన్సీలు జీతం లేకుండా బెంచి మీద కూర్చోబెట్టడం, వీసా ఫీజు వాళ్ళతోనే కట్టించడం కూడా చట్టవిరుద్ధమే, కానీ దానికి దారి వేరు. కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కి (1-866-487-9243) 12 నెలల లోపు ఫిర్యాదు చెయ్యాలి. అదే కన్సల్టెన్సీ బెదిరించి వెళ్ళనివ్వకపోతే వ్యవహారం పై చట్టం కిందికి వస్తుంది.

మరి కంపెనీలు ముందుగానే ఎందుకు ఆపవు? కాలిఫోర్నియాలో 2012 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ఏటా 10 కోట్ల డాలర్లు దాటిన అమ్మకందార్లు, తయారీదార్లు తమ సరఫరా గొలుసులో వెట్టిని ఆపడానికి ఏం చేస్తున్నారో వెబ్‌సైటులో పెట్టాలి. "ఏమీ చెయ్యట్లేదు" అని పెట్టినా చట్టం ఒప్పుకుంటుంది! ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టుల్లో నిబంధన ఇంకా గట్టిది. కార్మికుడి దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు తీసుకోకూడదు, సబ్ కాంట్రాక్టరుకీ అదే వర్తిస్తుంది.

నా లెక్కలో ఆడిటర్ అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటే. "ఇక్కడికి రావడానికి ఎంత కట్టావు, ఎవరికి?" దాన్ని సూపర్‌వైజరు పక్కన లేకుండా, కార్మికుడి భాషలోనే అడగాలి. కట్టానంటే ఆ డబ్బు కంపెనీ తిరిగివ్వాలి. ఇదొక్కటి చేస్తే చాలా క్యాంపులు ఖాళీ అవుతాయి.

ఇంటి దగ్గర ఉన్నవాళ్ళకి ఒక మాట. ఏజెంటుకి పంపిన ప్రతి రూపాయి స్క్రీన్‌షాటు, వాట్సాప్ మెసేజీలు, ఆఫర్ లెటరు మీ దగ్గర ఒక కాపీ ఉంచండి. అక్కడివాళ్ళ ఫోను ఎవరైనా లాక్కుంటే మీ దగ్గరున్న కాపీయే సాక్ష్యం. ఇక్కడ ఇబ్బందిలో ఉన్నవాళ్ళు 1-888-373-7888కి ఏ వేళప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు. పేరు చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అనండి, దుబాసీని లైన్లోకి తెస్తారు.