కానరాకపోయినవారి కథలు: వానిని చదువవలసిన విధము



గడచిన సంవత్సరము మా తొమ్మిదవ తరగతిలో నొక బాలుడు గణితపుస్తకము మాటున వేఱొక పుస్తకము చదువుచుండగా మేము దానిని పుచ్చుకొంటిమి. అది యొక చిన్న పట్టణమున మనుష్యులు ఒకరి వెనుక నొకరు కానరాకపోవుటను గూర్చిన నవల. రాత్రి దానిని తెఱచి, ముగించువఱకు దీపము నార్పలేకపోతిమని యొప్పుకొనుటకు మేము సిగ్గుపడము. అట్టి నవలలను బొత్తిగా చదువవలదని తల్లిదండ్రులు కొందఱు మమ్ము చెప్పుమందురు. నిషేధించుటకంటె వివరించుట మేలని మా యభిప్రాయము.

ఈ జాతి రచనలు క్రొత్తవి కావు. అమెరికా రచయితయగు ఎడ్గార్ ఎలన్ పో 1841వ సంవత్సరమున ప్రకటించిన కథతో అపరాధ పరిశోధక సాహిత్యము మొదలైనదని పెక్కురు చెప్పుదురు. ఆ యేటనే న్యూయార్కు నగరమున చుట్టల దుకాణమున పనిచేసిన మేరీ రోజర్సు అను యువతి కానరాకపోయెను. కొన్ని దినములకు ఆమె శవము హడ్సను నదిలో దొరకెను. పో ఆ యుదంతమును పారిసు నగరమునకు మార్చి కథగా వ్రాసెను. కథ ముగిసినది కాని, నిజమైన యా మరణరహస్యము నేటికిని తేలలేదు. మన తెలుగువారికి తొలుత బంగాళీ రచయిత పాంచకడీ దే నవలల యనువాదముల వలన ఈ రుచి యబ్బినది. పిమ్మట కొమ్మూరి సాంబశివరావుగారు (1926–1994) డిటెక్టివు యుగంధరును, అతని సహాయకుడగు రాజును సృష్టించి యింటింట ప్రసిద్ధి కెక్కిరి.

ఇట్టి కథకు చిన్న పట్టణమే యేల? మహానగరమున ఒకడు కానరాకున్న పొరుగువానికైనను తెలియదు. మన చల్లపల్లి వంటి యూర నట్లుగాదు. బస్సుస్టాండులో టీకొట్టువాడు, కాలువగట్టున చాకలి, బియ్యపుమిల్లులో గుమాస్తా, అందఱు నందఱ నెఱుగుదురు. కావున ఒక్కరు లోపించిన ఊరంతటికి తెలియును. ఊరిలోని ప్రతివాడును అనుమానమునకు లోనగును. రచయిత మొదట ఒకనిపై మన చూపు నిలుపును. రెండవ మనిషి మాయమగు వేళకు ఆ మొదటివాడు వేఱొకచోట నున్నట్లు తేలును. మన యనుమానము తప్పిపోవును, మఱొకనిపైకి పోవును. నేర్పరియగు రచయిత యానవాళ్లను దాచడు. మన కన్నుల యెదుటనే యుంచి, మన దృష్టిని మాత్రము వేఱొక ప్రక్కకు త్రిప్పును. చివరి పుట చదివిన పిదప మొదటి పుటలకు మరల పోయి చూడుడు: జవాబు అచ్చటనే యుండును.

దీనివలన కలుగు లాభ మేమన, మనము చూచినది వేఱు, ఊహించినది వేఱు అని తెలిసికొనుటయే. ఒక దృష్టాంతము. 1926వ సంవత్సరము డిసెంబరు నెలలో ప్రసిద్ధ రచయిత్రి అగాథా క్రిస్టీయే కానరాకపోయెను. ఆమె కారు త్రోవప్రక్కన దొరకెను. వేలకొలది జనులు వెదకిరి. పత్రికలు తోచినట్లు వ్రాసినవి. భర్త యేమైన చేసెనేమోయని కొంద ఱనుమానించిరి. పదునొకండు దినములకు ఆమె హారోగేటు పట్టణమున ఒక హోటలులో వేఱొక పేరుతో నుండగా కనుగొనిరి.

ఇక మన యూరి సంగతి. కొన్ని యేండ్ల క్రిందట మా విద్యార్థి యొకడు త్రైమాసిక పరీక్షలో మార్కులు తగ్గుటచే భయపడి బడినుండి యింటికి పోలేదు. మధ్యాహ్నమునకే ఊరంతయు కథకులతో నిండెను. ఒకడు వానిని కాలువ యొద్ద చూచితి ననెను. మఱియొకడు ఎవనితోనో బస్సెక్కుట చూచితి ననెను. పాతబట్టలకు స్టీలుగిన్నె లిచ్చుకొనుచు వచ్చిన పొరుగూరి వర్తకు నొకని కొందఱు యువకులు చుట్టుముట్టి చేయిచేసికొనబోయిరి. మేమును, మఱి యిద్దఱు పెద్దలును అడ్డుపడితిమి. సాయంకాలమునకు బాలుడు అవనిగడ్డలో అమ్మమ్మ యింట దొరకెను. వాడు ఒంటరిగానే బస్సెక్కెను. కాలువ దరికే పోలేదు. చూచితిమన్న యిద్దఱును అబద్ధికులు కారు. తాము భయపడిన దానినే చూచితిమని నమ్మిరి. ఆ వర్తకుడు మరల మన యూరికి రాలేదు. 2018వ సంవత్సరమున ఫోనులలో వ్యాపించిన పిల్లల దొంగల వదంతులచే మన దేశమున పలుచోట్ల నిరపరాధులు ప్రాణములు కోల్పోయిరని తలచినప్పుడు మాకు నేటికిని ఒడలు జలదరించును.

ఆ దినమున మఱియొక తప్పు జరిగెను. పరువు పోవునని తండ్రి సాయంకాలమువఱకు పోలీసులకు చెప్పలేదు. ఇరువదినాలుగు గంటలు వేచియుండవలెనని చాలమంది నమ్ముదురు. అది నిజము కాదు. పదునెనిమిది యేండ్లు నిండనివారు కానరాలేదను ప్రతి ఫిర్యాదును ఎఫ్.ఐ.ఆర్.గా నమోదు చేయవలెనని సుప్రీముకోర్టు 2013వ సంవత్సరమున నాజ్ఞాపించినది. సంఘటన తమ పరిధిలోనిది కాదని ఏ స్టేషనువారును త్రిప్పి పంపరాదు. బాలల సహాయమునకు 1098, పోలీసులకు 112 అను సంఖ్యలను ప్రతి బాలుడును కంఠస్థము చేయవలెను. తల్లిదండ్రులారా, ఇటీవలి ఫోటో యొకటి యింట నుంచుకొనుడు. ఉదయము బిడ్డ యే బట్టలు కట్టుకొని పోయెనో గమనింపుడు. పరిశోధకుడు మొదట అడుగున దదియే.

నవలలో మాయమైనవాడు కథకు తాళపుచెవి వంటివాడు. పుస్తకము మూసినంతనే మఱచిపోదుము. ఊరిలో మాయమైనవాడు ఒక తల్లి బిడ్డ. కాబట్టి విద్యార్థులారా, ఆ నవలలను సెలవులలో చదువుడు, గణితము గంటలో గాదు. చదివి, చూచినదానిని చూచినట్లు చెప్పుట, తెలియనిది తెలియదనుట యభ్యసింపుడు. మార్కులు తగ్గిన దినమున బస్సెక్కకుడు. మా యొద్దకు రండు. మీతో కూడ మేమే మీ యింటికి వచ్చెదము.