పెరట్లో మునగ సరే, పెరడు ఏదీ?

"కృష్ణా డెల్టాలో మీకు నీటి కరువేమిటండీ?" అని మెట్ట ప్రాంతాల కార్యకర్తలు మమ్మల్ని అడుగుతుంటారు. తెనాలి నుంచి రేపల్లె దాకా, అటు బాపట్ల దాకా కాలువలున్న మాట నిజమే. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయింది, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అయితే ఆ నీరు చేల కోసం వచ్చింది గాని కూలివాడి పెరటి కోసం రాలేదు. పైగా 2002-04 కరువులోనూ, 2015లోనూ, 2023లోనూ కృష్ణకు పైనుంచి నీరు చాలినంత రాలేదు. అట్లాంటి ఏళ్లలో ముందుగా దెబ్బతినేది కాలువల చివరి భూములే. కాలువ ఎండితే నాట్లు లేవు, కోతలు లేవు, కూలి లేదు. ఆ నెలల్లో కూలి ఇంట అన్నంలోకి ఏముంటుంది? నీళ్లు అడగకుండా బతికే మొక్క పెరట్లో ఏదుంటే అదే వుంటుంది.

సంఘం సభ్యత్వం రాస్తూ రేపల్లె దిగువన ఒక పల్లెలో ఒక అక్క ఇంట భోంచేశాం. ఆ వూళ్లో పనుల్లేక అప్పటికి నెల దాటింది. మునగాకు పప్పు వండి, ఎండబెట్టి దాచిన గోరుచిక్కుడు వరుగులు వేయించి పెట్టింది. "కొన్నది ఉప్పూ పప్పూ నూనే తమ్ముడూ, మిగతాదంతా దొడ్డిదే" అన్నది. ఆ మునగ ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొమ్మ. వేసంగిలో దాని మొదట్లో పడేది అంట్లు కడిగిన నీళ్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 59 మందికి రక్తం తక్కువ. ఇనుము మాత్రలు పంచాల్సిందే, కాదనం. కాని మునగాకు, గోంగూర, వాన పడితే తనంత తాను మొలిచే గలిజేరు కంచంలోకి రాకుండా మాత్రలతోనే సరిపోతుందా?

అయితే నాటు మొక్క గదా, ఎక్కడ గుచ్చినా బతుకుతుందనుకోవటం పొరపాటు. ఆ పొరపాటు మేమే చేశాం. తెనాలి పక్క నల్లరేగడిలో అయిదు మునగ కొమ్మలు చదును నేలలో పాతాం. వేసంగిలో చిగిర్చాయి. వానలకు మొదట్లో నీళ్లు నిలిచి నాలుగు కుళ్లిపోయాయి. మునగ ఎండకు ఓర్చుకుంటుంది, నిలవ నీటికి ఓర్చుకోదు. ఆ నేలలో మోకాలెత్తు దిబ్బ పోసి దానిమీద నాటాలని ఒక ముసలి పాలేరు చెబితే గాని మాకు తెలియలేదు.

బాపట్ల ఇసుకలో కథ తిరగబడుతుంది. అక్కడ నీళ్లు నిలవనే నిలవవు. గొయ్యి తీసి చెరువు మట్టి, మాగిన పెంట నింపి, పైన గడ్డిగాని తాటాకు తుక్కుగాని కప్పాలి. మొక్క పక్కన కాల్చిన మట్టికుండ ఒకటి మెడదాకా పాతి, నీళ్లు నింపి, నోటిమీద మూకుడు బోర్లించండి. కుండ గోడ చెమర్చి ఆ తడి వేరుకు అందుతుంది, ఎండకు ఆవిరైపోదు. రంగు పూసిన కుండ పనికిరాదు. రేగు, తాటి, బొబ్బర, గోరుచిక్కుడు ఆ నేలకు సరిపడతాయి. రేపల్లె దిగువన బాధ వేరు. చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే. అక్కడ కూరమొక్కలకు వాననీరు పట్టి పోయటమే దారి. వేప, కానుగ, రేగు కొంత ఉప్పుకు తట్టుకుంటాయి. తొలకరి వానలు పైమట్టిలో ఉప్పును కాస్త కడిగాక నాటితే లేత మొక్క నిలుస్తుంది.

మరొక సంగతి. కరువుకు ఓర్చే ప్రతి మొక్కా మనకు చుట్టం కాదు. సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుంచి వచ్చింది. దాన్ని ఏ కరువూ చంపలేదు, అది మాత్రం పక్కన దేన్నీ బతకనివ్వదు. అట్లాగని పరాయివన్నీ పనికిరావనీ కాదు. మిరపకాయ కూడా సముద్రాలు దాటి వచ్చిందే. గుంటూరు వాళ్లం ఆ మాట ఒప్పుకోం గాని!

తిండి సంగతి అట్లా వుంచి నీడ సంగతి చూడండి. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. రేకుల ఇంట్లో పడమటి వైపు ఒక వేపచెట్టు వుండటానికీ, లేకపోవటానికీ తేడా ఏమిటో ఆ ఇంట్లో బాలింతను అడగాలి.

మరి ఈ చెట్టు ఎక్కడ పెట్టాలి? 2020లో పల్లెల్లో పేదలకు ఇచ్చిన ఇంటిస్థలం సెంటున్నర. అంటే 653 చదరపు అడుగులు. ఆ పథకం ఇల్లు 340 అడుగులు. మిగిలిన దాంట్లో మరుగుదొడ్డి, నీళ్ల తొట్టి, నడవటానికి దారి, వుంటే గేదె. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో 3 సెంట్లు ఇస్తామంది. సెంటున్నర కన్నా మేలే. కాని మేం తిరిగే పల్లెల్లో కూలీలు అడుగుతున్నది 5 సెంట్లు, అదీ నీళ్లు నిలవని మెరక మీద. ఒక కాలనీలో నడివేసంగిలో టేకు మొక్కలు పంచి ఫొటోలు తీసుకుపోయారు. పది రోజుల్లో అవి పుల్లలయ్యాయి. మునగ కొమ్మో, కరివేప మొక్కో తొలకరిలో ఇవ్వమని అడిగితే, లిస్టులో లేవన్నారు.

పోయిన ఏడు ఆ రేపల్లె అక్క తన చెట్టు కొట్టి రెండేసి మూరల కొమ్మలు పాతిక దాకా మా చేతికిచ్చింది. వాటిని అదే మండలంలో ఒక కొత్త కాలనీకి మోసుకుపోయాం. ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు, కొమ్మలు చేత్తో పట్టుకుని చూశారు. చివరికి తీసుకున్నది ఏడుగురే. మిగతావాళ్లు ఇంటికీ గోడకూ మధ్య సందు చూపించారు.