మనీ ప్లాంటుకు నీళ్ళెన్ని?

అంచెట్టిలో గాని, డెంకణికోటలో గాని, హోసూరు కొత్త ఇళ్ళలో గాని లోపలికి అడుగుపెడితే కిటికీ దగ్గరో, టీవీ పక్కనో ఒక పచ్చని తీగ కనబడుతుంది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే మన ప్రాంతంలో దీనికి మూడు పేర్లు లేవు. ఎవరైనా మనీ ప్లాంటు అనే అంటారు. పక్కింటి నుండి దొంగిలించి తెచ్చి నాటితేనే అదృష్టం కలిసివస్తుందని ఒక మాట కూడా ప్రచారంలో ఉంది. అదృష్టం సంగతి అటుంచుదాం. కణుపు ఉన్న ముక్క అయితే అడిగి తెచ్చినా బతుకుతుంది, కణుపు లేని ముక్క దొంగిలించి తెచ్చినా బతకదు. ఆకు కాడ పుట్టే చోట గోధుమరంగులో చిన్న బొడిపె ఉంటుంది చూడండి, వేరు వచ్చేది అక్కడినుండే. ఒట్టి ఆకును నీళ్ళలో పెడితే కొన్నాళ్ళు పచ్చగా ఉంటుంది గాని కొత్త తీగ సాగదు.

ఈ తీగ పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో తాహితీ పక్కనున్న మూరేయా అనే చిన్న దీవి. అక్కడి తడి అడవుల్లో ఇది చెట్ల నీడలో మొదలై, మానును వేళ్ళతో పట్టుకుని పైకి పాకుతుంది. మన ఇంట్లో అరచేతి వెడల్పు దాటని ఆకు, అలా పైకెక్కినప్పుడు రెండు మూరల దాకా పెరుగుతుంది. ఇంకొక వింత, ఇది దాదాపు పూయదు. పూతకు అవసరమైన హార్మోనును తయారుచేసే జన్యువు ఈ మొక్కలో సరిగా పనిచేయడం లేదని 2016లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. పువ్వు లేదు గనుక విత్తనమూ లేదు. మన ఇళ్ళలో ఉన్నవన్నీ ఒకదాని నుండి ఒకటి కత్తిరించిన ముక్కలే.

అడవిలో దాని బతుకు చూస్తే ఇంట్లో దానికేం కావాలో తెలిసిపోతుంది. ముందు వెలుతురు. నీడలో బతుకుతుందన్నారని కొందరు చీకటి మూలలో పెడతారు. అక్కడ చావదు, కాని కణుపుకూ కణుపుకూ మధ్య దూరం పెరిగి, ఆకులు చిన్నవై, పసుపు చారలు పోయి ఉత్త పచ్చగా మారుతుంది. పగలు దీపం వేయకుండా దినపత్రిక చదువుకోగలిగిన చోటు దీనికి చాలు. తూర్పు కిటికీ చాలా మంచిది. పడమటి కిటికీలో మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే ఆకు మీద ఎండుమచ్చలు పడతాయి.

ఇక నీళ్ళు. ఇంట్లో మనీ ప్లాంటు దాహంతో చావడం అరుదు. చచ్చేది ఎక్కువ నీళ్ళ వల్లనే. పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లే చేత్తోనే కుండీలోనూ ఒక చెంబు పోయడం మనకు అలవాటు. అడుగున చిల్లు లేని డబ్బాలో నాటి, రోజూ నీళ్ళు పోస్తే మట్టిలోని గాలి అంతా బయటికి పోతుంది. వేళ్ళకూ ఊపిరి కావాలి. అది అందకపోతే వేరు మెత్తబడి, బూజు చేరి కుళ్ళుతుంది. ముందు కింది ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి. ఆకు వాడిందని ఇంకో చెంబు పోస్తాం, దాంతో పని పూర్తవుతుంది!

కాబట్టి కుండీకి చిల్లు తప్పనిసరి. మన ఎర్రమన్ను ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక గాని కొబ్బరి పొట్టు గాని ఒక పాలు కలపండి. ఒట్టి ఎర్రమన్ను కుండీలో గట్టిపడుతుంది. వేలును రెండు కణుపుల లోతు దించి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. పొడిగా ఉంటే కింది చిల్లులోనుండి కారేదాకా పోసి, పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోయండి. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు అవసరం కావచ్చు. ధనుర్మాసపు చలిలో పది రోజులకొకసారి చాలు. హోసూరు వైపు చలి రాత్రుల్లో కుండీని కిటికీ గట్టు మీదనుండి లోపలికి జరపండి.

మన బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. కుండీ అంచున తెల్లని పొర కట్టేది అందుకే. ఫ్లోరైడ్ బాధ వల్ల ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు హొగెనకల్ తాగునీటి పథకమే రావలసి వచ్చింది, 2013లో అది ప్రారంభమైంది. ఆ తాగునీళ్ళు మొక్కకు పోయనక్కరలేదు. నెలకొకసారి వాననీళ్ళు ధారాళంగా పోస్తే మట్టిలోని ఉప్పు కడుక్కుపోతుంది.

ఇంత నీరు పనికిరానప్పుడు సీసాలో ఉత్త నీళ్ళలో ఎలా బతుకుతోందని మీరు అడగవచ్చు. నీళ్ళలోనే పుట్టిన వేరు తీరు వేరు. అది నీటిలో కరిగిన గాలితో సరిపెట్టుకుంటుంది. నీళ్ళు మార్చుతూ ఉంటే సీసాలో ఏళ్ళ తరబడి ఉంటుంది. కాని అసలు సమస్య ఇక్కడే ఉంది, దీన్ని కాస్త నిదానంగా వినండి.

డెంగీ జ్వరాన్ని మోసే దోమ మురుగులో కంటే ఇంట్లో నిలవ ఉన్న తేట నీళ్ళలో గుడ్లు పెట్టడానికే ఇష్టపడుతుంది. కాళ్ళ మీద తెల్లని చారలుంటాయి, పగలు కుడుతుంది. దాని గుడ్లు నీటి మట్టానికి కొంచెం పైన సీసా గోడకు అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు. తిరిగి నీళ్ళు తగిలితే పొదుగుతాయి. అంటే తగ్గిన నీళ్ళకు పైనుండి కొత్త నీళ్ళు చేర్చడం దోమకు సాయం చేయడమే. మన వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి ఏడు నుండి పది రోజులు పడుతుంది. 2017లో తమిళనాడు అంతటా డెంగీ ఎంతగా వ్యాపించిందో మనకు తెలుసు. ఆరోగ్య శాఖవారు ఇంటింటికీ వచ్చినప్పుడు నీళ్ళ తొట్టితోపాటు మనీ ప్లాంటు సీసానూ చూసేది ఇందుకే.

చాలా ఇళ్ళలో శుక్రవారం ఇల్లు కడిగే అలవాటు ఉంది గదా. ఆ రోజే తీగను బయటికి తీసి, పాత నీళ్ళను ఎండిన నేల మీద పారబోయండి. సీసా లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది కడిగి, వేళ్ళనూ కడిగి, కొత్త నీళ్ళు పోయండి. సీసా మూతి దగ్గర తీగ చుట్టూ దూది కుక్కితే దోమ దూరదు. వారం వారం ఈ పని కుదరనివారు, వేరు రెండంగుళాలు కాగానే తీగను మట్టిలోకి మార్చడం మేలు. పిల్లలున్న ఇంట్లో సీసా కంటే కుండీయే మంచిదని నా అభిప్రాయం. ఈ మొక్క గదిలోని గాలిని శుభ్రం చేస్తుందనే మాట మీద కూడా ఎక్కువ ఆశ వద్దు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేసిన పరీక్షలు బిగించిన పెట్టెల్లో చేసినవి. మామూలు గదిలో కిటికీ తెరిస్తే వచ్చే ఫలితం కోసం లెక్కలేనన్ని మొక్కలు పెట్టవలసి వస్తుందని 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది.

పసిపిల్లల విషయంలో ఇంకొక జాగ్రత్త. మనీ ప్లాంటు మన కంద, చేమ కుటుంబానికి చెందినదే. చేమదుంప తరిగితే చేయి దురదపెడుతుంది కదా, ఆ దురదపెట్టే సన్నని సూదుల వంటి స్ఫటికాలు ఈ ఆకులోనూ ఉన్నాయి. బిడ్డ ఆకు నమిలితే పెదవులు, నాలుక మండి చొంగ కారుతుంది. నోరు కడిగి చల్లని నీళ్ళో పాలో తాగించండి. గొంతు వాచినా, ఊపిరి కష్టమైనా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కత్తిరించిన తీగను మేకకూ దూడకూ వేయవద్దు.

తీగ ఎక్కడానికి ఒక కర్రకు కొబ్బరి పీచు చుట్టి కుండీ మధ్యలో పాతండి. పీచును అప్పుడప్పుడు తడిపితే వేళ్ళు దాన్ని పట్టుకుంటాయి, పైకి పోయేకొద్దీ ఆకు పెద్దదవుతుంది. కిందికి వేలాడదీస్తే ఆకు చిన్నదిగానే ఉంటుంది. రోడ్డు పక్క ఇళ్ళలో ఆకుల మీద ఎర్రదుమ్ము పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడవండి, నూనె రాయవద్దు. కణుపుల్లో తెల్లని పిండినల్లి కనబడితే సబ్బునీళ్ళలో ముంచిన దూదితో తుడిచివేయండి.

వేరు కుళ్ళి నల్లబడిన తీగనైనా పారేయకుండా, పై భాగంలో గట్టిగా, పచ్చగా ఉన్న ముక్కను రెండు కణుపులతో కత్తిరించి మళ్ళీ నాటుకోవచ్చు. మిగిలిన ముక్కలను మాత్రం వాగులో వేయవద్దు. శ్రీలంక అడవుల్లో ఈ తీగ ఇలాగే బయటపడి స్థానిక మొక్కల మీద పాకుతోంది. మన చుట్టూ ఉన్నది ఎండు అడవే, 2014 నుండి అది కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం కూడా. వాగు ఒడ్డున నీడా తడీ రెండూ ఉంటాయి గనుక ఆ ముక్కలను ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి.