ఒక్క మీట నొక్కే ముందు

కార్ నికోబార్‌లో ఉన్న బంధువుకు జబ్బు చేసిందని పోర్ట్ బ్లెయిర్‌లో ఒకరికి కబురు అందిందనుకోండి. మరునాటి ఓడలో చోటు కావాలి. ఆయన ఫోనులో వివరాలన్నీ నింపి, తెరమీది మీటను నొక్కాడు. ఏ చలనమూ లేదు. మళ్ళీ నొక్కాడు. అప్పటికీ ఉలుకూ పలుకూ లేదు. మూడోసారీ నొక్కాడు. కొంతసేపటికి, మూడు టిక్కెట్ల డబ్బు ఖాతాలోంచి పోయినట్లు సందేశం వచ్చింది!

ఇందులో తప్పు ఎవరిది? తొందరపడిన ప్రయాణికునిది కానే కాదు. ఆ మీటను అమర్చినవారిది.

గోడమీది మీటకు ఒకటే పని. తెరమీది మీటకు, అనగా బటన్‌కు, ఏ పని అప్పగించాలో నిర్ణయించేది మనిషి. ఒకప్పుడు ఇందుకు ప్రోగ్రాములు వ్రాయడం తెలిసి ఉండవలసి వచ్చేది. ఇప్పుడు 'పేజీ డిజైనర్' అనే సాధనాలు వచ్చి పని సులువు చేశాయి. ఓరకిల్ సంస్థ 2015లో తన అపెక్స్ అయిదవ కూర్పుతో అటువంటి దానిని అందించింది. అందులో తెర ఎడమ ప్రక్క పేజీలోని భాగాల జాబితా, నడుమ పేజీ నమూనా, కుడి ప్రక్క ఎంచుకున్న భాగం లక్షణాలు కనిపిస్తాయి. బటన్‌ను తెచ్చి పేజీలో పెట్టడం క్షణంలో పని. దాని లక్షణాలను నిర్ణయించడంలోనే ఉంది వివేకమంతా.

పేరులోనే పెన్నిధి

మొదటిది, బటన్ మీద వ్రాసే మాట. 'సమర్పించు' అంటే ఏమి జరుగుతుందో తెలియదు. 'టిక్కెట్టు కొనండి' అంటే పసివానికైనా తెలుస్తుంది. అండమాన్ నికోబార్ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ మాట్లాడేవారు కలసి జీవిస్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో అక్కడి ప్రతి వందమందిలో సుమారు 13 మంది తెలుగువారే. అటువంటి చోట బటన్ మీది మాట చదివేవారి భాషలో ఉండడం అలంకారం కాదు, అవసరం.

రెండవది, నొక్కితే జరిగే పని. పేజీని సర్వరుకు పంపాలా? మరో పేజీకి తీసుకుపోవాలా? ఉన్నచోటనే ఏదైనా మార్చాలా? పంపేదయితే, ముందుగా వివరాలు సరిచూడాలి. అయితే 'రద్దు' బటన్‌కు ఈ తనిఖీ ఉండరాదు. వెళ్ళిపోవాలనుకునే మనిషిని "ముందు మీ వయస్సు నింపండి" అని నిలదీయడం, తలుపు వేసి బయటికి పొమ్మనడం వంటిది.

మూడవది, ఎవరికి కనిపించాలన్నది. టిక్కెట్టును రద్దుచేసే అధికారం గుమాస్తాకు మాత్రమే ఉంటే, ఇతరులకు ఆ బటన్ కనబడకుండా దాచవచ్చును. కాని దాచినంత మాత్రాన రక్షణ కలగదు. వచ్చిన కోరికకు అధికారం ఉన్నదో లేదో సర్వరు కూడా పరీక్షించి తీరాలి.

ఆకాశ మార్గం, సాగర మార్గం

ఇక మన ప్రయాణికుని సంగతి. చాలాకాలం ఈ దీవులు ప్రధానంగా ఉపగ్రహాల మీదనే ఆధారపడ్డాయి. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకి వెళ్ళి క్రిందికి దిగి, జవాబు మళ్ళీ అలాగే రావాలంటే దాదాపు 1,44,000 కిలోమీటర్ల ప్రయాణం. కాంతివేగంతో పోయినా అర సెకను పడుతుంది. ఇరుకు దారిలో రద్దీ తోడైతే నిరీక్షణ ఇంకా పెరుగుతుంది.

2020 ఆగస్టు 10న చెన్నైనుంచి ఈ దీవులకు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. గాజు తంతువులో కాంతి అంత దూరాన్నీ సెకనులో నూరోవంతుకు కాస్త మించిన కాలంలో దాటగలదు. అయినా ప్రయాణికుడు ఓడలోనో, సంకేతం అందని మారుమూలనో ఉండవచ్చును. అందుచేత జాగ్రత్తపరుడైన రూపకర్త, ఒకసారి నొక్కగానే బటన్ పనిచేయకుండా ఆపి, 'మీ కోరిక పరిశీలనలో ఉంది' అని చూపిస్తాడు. అంతటితో ఆగక, ప్రతి కోరికకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తాడు. అదే సంఖ్య మళ్ళీ వస్తే సర్వరు రెండో టిక్కెట్టు ఇవ్వదు.

ముప్పయి ఎనిమిది నిమిషాలు

అమరికలో లోపం ఎంత దూరం పోగలదో 2018 జనవరి 13న హవాయి దీవులు చూశాయి. క్షిపణి వస్తోందన్న హెచ్చరిక ప్రజల ఫోన్లకు చేరింది. అది అబద్ధం. అక్కడి ఉద్యోగి కసరత్తును నిజమని పొరబడ్డాడని విచారణలో తేలింది. కాని రెండో మనిషి ఆమోదం లేకుండానే ఆ సందేశం వెళ్ళగలగడం ఏర్పాటులోని లోపం. పొరపాటును సరిదిద్దే సందేశం సిద్ధంగా లేకపోవడంతో, అది ప్రజల ఫోన్లకు చేరడానికి 38 నిమిషాలు పట్టింది. తిరిగి సరిదిద్దుకోలేని పనికి ధ్రువీకరణ, సరిదిద్దగల పనికి సిద్ధమైన మార్గం ఉండాలన్నది అందులోని పాఠం.

ఈ పాఠం మనకూ సంబంధించినదే. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో నికోబార్ దీవులు ఎంత నష్టపోయాయో దేశం మరువలేదు. ఆ తరువాత 2007లో సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం హైదరాబాదులో వెలసింది. సముద్రానికి దూరాన ఉన్న ఆ నగరంలో కూర్చున్నవారి నిర్ణయం, దీవుల్లోని తీరవాసుల ప్రాణాలకు సంబంధించినది. అటువంటి చోట తెరమీది ప్రతి మాటా స్పష్టంగా ఉండాలి. నిజమైన హెచ్చరికా, కసరత్తూ ఒకేలా కనిపించరాదు.

బటన్‌ను నొక్కేవాడు క్షణంలో నొక్కుతాడు. అతడు తొందరలో ఉండవచ్చు, భయంలో ఉండవచ్చు, చీకటిలో ఉండవచ్చు. ఆ క్షణంలో అతనికి ఆలోచించే తీరిక ఉండదు. అందుకే అతని బదులు ముందుగా ఆలోచించి పెట్టడమే రూపకర్త ధర్మం.